వెన్నుకు అంటిన కాగితం

ఆ క్రైస్తవ సంఘంలో బైండరుగారికి ఒక సామ్రాజ్యం ఉండేది. పొడవు పదడుగులు, వెడల్పు ఎనిమిది. ఉత్తరపు ఎల్లగా కిటికీ, దక్షిణాన జిగురు కాగే చిన్న పొయ్యి, తూర్పున పుస్తకాలు కుట్టే చెక్క చట్రం, పడమట కోటబురుజులాంటి ఇనుప ప్రెస్సు. ఆ నాలుగు ఎల్లల మధ్య ఆయన మాటకు తిరుగులేదు. ఎల్ల దాటి నాలుగడుగులు వేస్తే సొంత వంటిల్లు వస్తుంది. అక్కడ ఆయన మాటకు ఎంత విలువుండేదో చరిత్ర నమోదు చేయలేదు, ఎందుకంటే ఆయన అక్కడికి వెళ్ళిందే తక్కువ.

సంఘస్తులు ఎదుట ఆయనను ‘బ్రదరు’ అనీ, చాటున ‘అట్టలాయన’ అనీ పిలిచేవారు. చినిగిన బైబిలు ఆయన చేతిలో పెడితే రెండు వారాలకు కొత్త పెళ్ళికొడుకులా తిరిగి వచ్చేది. ప్రతి రాజ్యానికీ ఒక శాసనం ఉన్నట్టే ఆయన రాజ్యానికీ ఒకటుండేది. పుస్తకం కుట్టాక, అట్ట వేయడానికి ముందు, వెన్నుమీద సన్నటి కాగితపు పట్టీలు అంటిస్తారు. అవి లోపలే ఉండిపోతాయి, ఎవరికీ కనబడవు. లోకంలోని బైండర్లందరూ దానికి పాత వార్తాపత్రికలు వాడతారు. ఈయన మాత్రం వాడడు. దొంగల ఫొటోలు, నాయకుల ఫొటోలు, సబ్బు ప్రకటనల్లో నవ్వే అమ్మాయిలు పరిశుద్ధ గ్రంథానికి వీపు ఆనించి వందేళ్ళు నిద్రపోవడమా? ఆ అనర్థం తన చేతుల మీదుగా జరగదని ఆయన శపథం. అందుకని గీతల నోటుపుస్తకం కాగితం, అదీ మచ్చలేనిదైతేనే, బైబిలు వెన్నెక్కడానికి అర్హత పొందేది.

మందిరానికి యాభై ఏళ్ళు నిండిన సంవత్సరం ఆయన జీవితానికి మకుటం. నలభై కుటుంబాల బైబిళ్ళు కొత్త అట్టలతో తయారు కావాలి. వాటితోపాటు వేదిక మీద ఉంచే పెద్ద బైబిలు ఒకటి. మూడు నెలలు ఆయన ఆ గదిలోనే బతికాడు. భార్య కంచం తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి మూత వేసి వెళ్ళేది. అప్పుడప్పుడు వెళ్ళకుండా నిలబడేది. నిలబడి, మాట మొదలుపెట్టేముందు అలవాటుగా, చిన్నగా గొంతు సవరించుకునేది. ఆయన తలెత్తకుండా, సూది ఆపకుండా, “ఊఁ, ఏంటి?” అనేవాడు. “ఏంలేదులెండి,” అని ఆమె వెళ్ళిపోయేది. దేవుణ్ణి ఇంటివారికన్నా మిన్నగా ప్రేమించాలన్న ప్రసంగం ఆయనకు కంఠతా వచ్చు. సూదిలో దారం ఎక్కించినంత సులువుగా ఆ మాటను ఆయన తన బతుకులోకి ఎక్కించుకున్నాడు. అవతలి కొసన ముడి ఎవరి మెడకు పడిందో చూసుకోలేదు.

పండుగ ఇంకా పది రోజులుందనగా కుట్లన్నీ పూర్తయ్యాయి, వెన్నులకు పట్టీలు అంటిద్దామని చూస్తే మంచి కాగితం అయిపోయింది. దుకాణానికి వెళ్ళి తెచ్చుకోవచ్చు. కాని దండయాత్రలో ఉన్న సేనాని సంతకు వెళతాడా? వంటింటి అరలో, డబ్బాల వెనక, దళసరి కాగితాల నోటుపుస్తకం ఒకటి కనబడింది. వెనకనుంచి తెరిచాడు. చివరి కాగితం మీద, పైన, భార్య చేతిరాతలో ‘ప్రభువా’ అన్న ఒక్క మాట ఉంది. కింద అంతా తెలుపు. ఆదివారపు ప్రార్థన ఏదో ఎత్తిరాసుకోబోయి మానేసి ఉంటుందని ఆయన తీర్మానించాడు. ప్రభువు పేరున్న కాగితం బైబిలు వెన్నుకు ఆనడానికి పనికొస్తుందా రాదా అని విచారించి, నిశ్చయంగా వస్తుందని తీర్పు చెప్పుకున్నాడు. కుట్టు విప్పి, బొత్తిగా సర్ది, తిరగేసి, కోత యంత్రం కింద పెట్టి పట్టీలుగా కోశాడు. చివరి రెండు కాగితాలు మాత్రం కోయలేదు. వేదిక బైబిలు వెన్ను వెడల్పు ఎక్కువ, దానికి నిండు కాగితాలే కావాలి.

మర్నాడు భార్య డబ్బాలన్నీ దించి వెతికింది. తర్వాత గుమ్మంలోకి వచ్చి చట్రం మీద ఆరుతున్న వెన్నుల వంక చాలాసేపు చూసింది. పాత నోటుపుస్తకమే కదా అని ఆయన అడిగాడు. ఆమె కొద్దిగా నవ్వి, “పోనీలెండి. ఎవరికి రాశానో వాళ్ళ దగ్గరికే చేరింది,” అంది. ఆయనకు ఆ మాట చాలా భక్తిగా వినిపించింది.

పండుగ అయిన ఐదో నెలలో ఆమె పోయింది. ఎడమ పక్కటెముకల కింద పెరిగిన గడ్డ ఒకటి ఆమెను తీసుకుపోయింది. డాక్టరు తన చేతి తొడుగులు విప్పుకుంటూ, ఆర్నెల్ల ముందు చూపించి ఉంటే వేరేగా ఉండేదని అన్నాడు. బహుశా రోజుకు నలుగురితో అనే మాటే అయ్యుంటుంది. అట్టలాయన మాత్రం దానిని వేళ్ళు మడిచి వెనక్కి లెక్కపెట్టాడు. ఆర్నెల్ల ముందంటే పండుగకు ముందు. సమాధి దగ్గర ఆయన ఒక్క కన్నీటి చుక్క రాల్చకుండా పక్కవారిని ఓదార్చాడు. విశ్వాసమంటే అదీ అని సంఘం మెచ్చుకుంది. మెచ్చుకోనిది ఒక్కతే, ఆయన కూతురు. ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేములకు బిగించే పని చేస్తుంది. ఏ మనిషికి ఎంత దూరం ఆనదో చెప్పడం ఆమె వృత్తి. తండ్రికి వంటిల్లు ఆనదని ఆమె చిన్నప్పుడే కనిపెట్టింది.

ఏడాది తర్వాత రిటైరైన పెద్ద టీచరమ్మ తన బైబిలు తెచ్చింది. రోజుకు మూడు పూటలా తెరిచి తెరిచి దాని వెన్ను పగిలిపోయింది. అట్టలాయన అట్ట ఊడదీసి, తడిగుడ్డ వేసి, మైదా జిగురు నానాక పట్టీని పైకి లేపాడు. అడుగున సిరా కనబడింది.

‘ప్రభువా, పిల్ల ఈవేళ కొత్త చెప్పులు వేసుకుంది. నడకంతా మా అత్తగారిదే. నీకు తెలుసుగా, చూసి నవ్వుకునే ఉంటావు.’

ఆయన పట్టీని పట్టుకుని నిలబడిపోయాడు. జిగురు అడుగంటి వాసన వచ్చేదాకా అలాగే నిలబడ్డాడు. ప్రార్థన ఎత్తిరాసుకోవడం కాదు. ఆమె దేవుడికి ఉత్తరాలు రాసుకుంది, రోజూ, వంటింట్లో కూర్చుని. వాటిని ఆయన కోసి, నలభై ఇళ్ళకు పంచి, ఎవరూ చదవలేని చోట అంటించాడు. ఆమె కాగితానికి ఒక పక్కే రాసేది. కాగితం మీద మచ్చ ఉండకూడదన్న మహానుభావుడు, కాగితాన్ని తిరగేసి కోసినందువల్ల, కాగితం నిండా మనిషి ఉందని చూసుకోలేదు.

అప్పటినుంచి ఆమె తిరిగి రావడం మొదలుపెట్టింది. దయ్యాలు కిటికీల్లోంచి, పాత బావుల్లోంచి వస్తాయని అంటారు. ఈమె మరమ్మతుకు వచ్చిన బైబిళ్ళ వెన్నుల్లోంచి రెండున్నర వరుసల చొప్పున వచ్చేది. కోతలో కొన్ని అక్షరాల తలకట్లు తెగిపోయాయి, కొన్నిటికి కింది ఒత్తులు పోయాయి. ఆయన వాటిని కిటికీలో గాజుపలక మీద పరిచి, ఏ తలకట్టు ఏ అక్షరానిదో వెతికి, పైపట్టీని కింది పట్టీకి జత చేసేవాడు. ‘పాలవాడు మళ్ళీ నీళ్ళు కలిపాడు, వాణ్ణి క్షమించే పని నీది, అడిగే పని నాది.’ ‘ఈయన నాతో మాట్లాడి పదకొండు రోజులు. నీతో మాట్లాడుతున్నారా? నీ దగ్గర కబురేమైనా ఉంటే చెప్పు.’ మధ్యాహ్నపు ఎండలో, మెలకువగా ఉన్నప్పుడే, గుమ్మం దగ్గర గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించేది. “ఊఁ, ఏంటి?” అని ఆయన తలెత్తేవాడు. ఇప్పుడు తలెత్తడం వచ్చింది. గుమ్మం మాత్రం ఖాళీగా ఉండేది.

ఇక్కడొక చిక్కుంది. భక్తిపరుల బైబిళ్ళే పగిలి తిరిగి వచ్చేవి. తెరవనివారి బైబిళ్ళు నిన్న కుట్టినట్టు చెక్కుచెదరకుండా ఉండేవి. సంఘంలో సగం మంది ఇళ్ళలో ఆయన భార్య, దుమ్ము కింద, నోరు మూసుకుని ఉంది. అందుకని అట్టలాయన ఆత్మీయ ఉద్యమం ఒకటి లేవదీశాడు. ఆరాధన అయ్యాక ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని, వాక్యం చదువుతున్నారా, బాగా వెనక్కి వంచి చదువుతున్నారా అని అడిగేవాడు. ఒక ఇంట్లోనైతే పుస్తకాన్ని బల్లమీద బోర్లా పెట్టి ఎలా నొక్కాలో చూపించాడు కూడా. జీవితమంతా పుస్తకం వెన్ను వంచవద్దని మొత్తుకున్న మనిషి ఇలా మారడం చూసి సంఘంలో భక్తి మళ్ళీ రగిలిందని, ఉజ్జీవం వచ్చిందని పాస్టరు గారు ఉపవాస కూటం పెట్టించారు. చరిత్రలో కొన్ని ఉజ్జీవాల అసలు కారణం బయటపడకపోవడమే మేలు.

రెండేళ్ళలో ముప్ఫైతొమ్మిది వచ్చాయి. నలభయ్యోది సముద్రం దాటిన ఎవరి పెట్టెలోనో పోయింది. పాలు, చెప్పులు, వాన, అలక, పాట. నొప్పి గురించి ఎక్కడా లేదు. ఆయన రోజురోజుకూ ఊపిరి తేలిగ్గా తీసుకోసాగాడు. ఆమెకు నొప్పి పండుగ తర్వాతే వచ్చిందేమో, గుమ్మంలో నిలబడినప్పుడు పాలవాడి సంగతి చెప్పడానికే వచ్చిందేమో అనుకున్నాడు. ముప్ఫైతొమ్మిదో బైబిలులో వచ్చింది నోటుపుస్తకం చివరికి దగ్గరలోని పట్టీ. అందులో ఆఖరి వరుస ఇది: ‘ప్రభువా, ఎడమ పక్కన మళ్ళీ నిన్నటిలాగే’. అక్కడితో కాగితం తెగింది. మిగతాది తర్వాతి కాగితంలో ఉండాలి. ఆ కాగితం వేదిక బైబిలు వెన్నుకు, మైదాతో కాదు, తోలు ఉడకబెట్టి తీసిన గట్టి జిగురుతో అంటించి ఉంది. వందేళ్ళదాకా విడదని ఆయనే సంఘం ముందు మాటిచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ పట్టీని ఆయన దాచబోయాడు. అలవాటు లేని పని కావడంవల్ల గాజుపలక కిందే దాచాడు. సెలవు రోజు కిటికీ తుడవడానికి వచ్చిన కూతురు దానిని చూసింది. తక్కినవన్నీ చూసింది. జేబులోంచి దుకాణపు భూతద్దం తీసి, ఒక్కొక్కటీ చదివింది. చదువుతున్నంతసేపూ తండ్రి వంక చూడలేదు.

“ఎన్నాళ్ళనుంచి?” అంది.

“రెండేళ్ళు.”

“నాకు చెప్పాలనిపించలేదా నాన్నా?”

ఆయన జిగురు గిన్నె కలుపుతూ, అన్నీ దొరికాక ఒకేసారి కుట్టి ఇద్దామనుకున్నానన్నాడు. నిజానికి అది సగం నిజం. మిగతా సగం ఆ ఆఖరి పట్టీలో ఉంది.

“పెద్దది తెరువు,” అంది కూతురు.

అది దేవుడి పుస్తకమని, అర్పించేసిన వస్తువని, ఇంటి సంగతి కోసం వేదిక మీది గ్రంథాన్ని చీల్చే అధికారం తనకు లేదని ఆయన ప్రసంగ ధోరణిలో మొదలుపెట్టాడు. కూతురు అంతా విన్నది. ఆమె కోపం అద్దం అరగదీసే చక్రంలాంటిది, చప్పుడు చేయకుండా తిరుగుతుంది.

“అమ్మ దేవుడికి రాసింది. నువ్వు దేవుడికే అతికించావు. బాగానే ఉంది. మధ్యలో చదవాల్సిన మనిషివి నువ్వొక్కడివే తప్పించుకున్నావు.” భూతద్దం జేబులో పెట్టుకుంటూ మళ్ళీ అంది: “దుకాణం పైన గది ఖాళీగా ఉంది. రేపు కాక పై ఆదివారం వెళ్ళిపోతాను. ఈలోపు తెరిస్తే నన్ను పిలు. తెరవకపోతే పిలవకు.”

ఆ సాయంత్రమే వంటింట్లో చెక్కపెట్టెలోకి కంచాలు ఎక్కుతున్న చప్పుడు ఆయన రాజ్యంలోకి వినవచ్చింది.

మర్నాడు ఆరాధనలో ఆయన తన చోట కూర్చున్నాడు. పాస్టరు గారు వేదిక బైబిలు తెరిచారు. గట్టి జిగురు ఎండితే వెన్ను వంగేటప్పుడు చిన్నగా టిక్కుమంటుంది. ఇన్నేళ్ళూ అది ఆయన చెవికి పనితనంలా వినిపించింది. ఆ ఉదయం గొంతు సవరించుకున్నట్టు వినిపించింది. పాస్టరు గారు పేజీ తిప్పినప్పుడల్లా ఆమె మాట మొదలుపెట్టబోతోంది. పేజీ నిలిపి చదువుతుంటే ఆగిపోతోంది. సంఘమంతా తలలు వంచి వింటోంది, ఎవరికీ వినబడటం లేదు. చివరి ప్రార్థనలో అట్టలాయన కళ్ళు మూసుకోలేకపోయాడు. దేవుడి ముందు నిలబడి, ‘ఊఁ, ఏంటి?’ అని అడగాలనిపించింది. ఏంలేదులెండి అన్న జవాబు అక్కడినుంచి కూడా వస్తుందేమోనని భయపడ్డాడు.

సోమవారం పొద్దున పాస్టరు గారింటికి వెళ్ళాడు. పాస్టరు గారు వయసులో చిన్నవారు, కమిటీలంటే భయం ఉన్నవారు. వేదిక సామగ్రి కదపాలంటే పెద్దల సమావేశం, తీర్మానం, సంతకాలు కావాలని గుర్తు చేశారు. మరమ్మతుకైతే మాత్రం బైండరుగారు ఎవరినీ అడగనక్కర్లేదు, అది ఆనవాయితీయే అని మెల్లగా తలుపు తెరిచిపెట్టారు. “మరి దానికి మరమ్మతు అవసరమా బ్రదరూ?” అని అడిగారు.

అవునంటే సరిపోయేది. ముప్ఫైయేళ్ళ వృత్తిలో ఆయన పుస్తకం గురించి అబద్ధం చెప్పలేదు.

“దానికి ఏ లోటూ లేదు అయ్యగారూ,” అన్నాడు. “మరమ్మతు నాకు.”

పాస్టరు గారు తాళంచెవి తీసుకుని ముందు నడిచారు. మందిరం తాళం తీసి, పసిబిడ్డను అందించినట్టు రెండు చేతులతో పుస్తకాన్ని అందించారు.

మూడు రోజులు పట్టింది. మొదట తోలు కవచం విప్పాడు. తర్వాత పుస్తకాన్ని వెన్ను పైకి వచ్చేలా ప్రెస్సులో బిగించి, వేడి ఆవిరి పట్టి, వెన్నెముక వైద్యుడిలా కాగితం మడతలు నొక్కే ఎముక పుల్లతో అంగుళం అంగుళం లేపాడు. తన జిగురు ఎంత గట్టిదో ఆయనకు అప్పుడు తెలిసింది. ఎంత మంచి పనివాడో అంత ఆలస్యమైంది. గురువారం మధ్యాహ్నం మొదటి కాగితం ఒక అంచు వదిలింది. అది ఊడేదాకా ఆగకుండా కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళి, గాజు బల్లకు ఇవతల కొనుగోలుదారులా నిలబడి, “పిలవమన్నావుగా, వచ్చాను,” అన్నాడు. కూతురు ఏప్రాన్ విప్పి, భూతద్దం తీసుకుని వెంట నడిచింది.

కాగితం కింది సగంలో సిరా జిగురులో కరిగి గోధుమరంగు మరకగా మారింది. అక్కడ ఏముందో ఇక ఏ అద్దానికీ అందదు. పై సగం బతికుంది. కూతురు పైకి చదివింది. చదువుతున్న గొంతు తల్లిది కాదని ఆయన తనకు తాను చెప్పుకోవలసి వచ్చింది.

“‘...నొప్పి. నిన్నటికన్నా ఎక్కువగానే ఉంది. ఈయనకి చెబుదామని మూడుసార్లు గుమ్మం దాకా వెళ్ళాను ప్రభువా. మూడుసార్లూ నీ పుస్తకమే కుడుతున్నారు. నీ పని మీదున్న మనిషిని లేపడానికి నాకు నోరు రాలేదు. అలాగని నీ మీద కోపం లేదనుకోకు, ఉంది. పండగయ్యాక చెబుతాను. అందాకా ఆయన్ని నువ్వే ఉంచుకో. భోజనం వేళకి మాత్రం ఇంటికి పంపు. నీకిది పెద్ద పనేం కాదు.’”

కూతురు భూతద్దం దించింది. ప్రెస్సులో అట్టలేని వెన్నుతో వేదిక బైబిలు, కుట్టు దారాలన్నీ బయటపడి, ఆపరేషన్ మధ్యలో వదిలేసిన రోగిలా ఉంది.

“నేను సూది ఆపలేదమ్మా,” అన్నాడాయన. “ఆమె నిలబడింది. మూడుసార్లు కాదు, ఇంకా ఎక్కువే నిలబడింది. నేనే ఆపలేదు.”

అది ఆయన ఎవరికీ చెప్పని మాట. సమాధి దగ్గర చెప్పలేదు, ప్రార్థనలో కూడా చెప్పలేదు. కూతురు ఆయనను ఓదార్చలేదు, నిందించనూ లేదు. “తెలుసు నాన్నా. నేను వంటింట్లోనే ఉన్నానుగా,” అంది.

రెండో కాగితం తేలిగ్గానే వచ్చింది. నోటుపుస్తకంలోని చివరి కాగితం అది. పైన ‘ప్రభువా’ అని ఉంది, కింద తెలుపు. ఆయన దానిని ఎరుగును. ఎత్తిరాసుకోబోయి మానేసిందని తీర్పు చెప్పుకున్న కాగితం ఇదే. ఆమె మానేయలేదు. ఒక మాట రాసి, పొయ్యి మీద ఏదో పొంగుతుంటే లేచి ఉంటుంది. తిరిగి వచ్చేసరికి పుస్తకం లేదు. ఆ తెల్లటి మేర మీద ఆమె ఏం రాసి ఉండేదో దేవుడికి తెలియవచ్చు. ఆయనకు తెలిసే అవకాశాన్ని మాత్రం ఆయనే తిరగేసి, జిగురు పూసి, నున్నగా రుద్దాడు.

కూతురు వంటింట్లోకి వెళ్ళింది. అట్టలాయన ముందు రెండు దారులున్నాయి. ఆదివారానికల్లా వేదిక బైబిలు తయారు కావాలంటే జిగురు ఇప్పుడే కాచాలి, వెన్నుకు కాగితం ఇప్పుడే అంటించాలి. తడి వెన్ను ఆగదు, పేజీలు వంకర తిరుగుతాయి. యాభై ఏళ్ళు దాటిన మందిరం, బోసిపోయిన వేదిక, కమిటీ ప్రశ్నలు, అన్నీ ఆయన కళ్ళముందు కవాతు చేశాయి. పొయ్యి అంటించాడు. గిన్నె పెట్టాడు. బ్రష్షు చేతికి తీసుకున్నాడు.

గుమ్మం దగ్గర ఎవరో చిన్నగా గొంతు సవరించుకున్నారు.

తలెత్తాడు. కూతురు నిలబడి ఉంది. ఆ అలవాటు ఆమెకు ఎప్పుడొచ్చిందో ఆయన గమనించలేదు.

“భోజనం పెట్టాను,” అంది.

ఆయన బ్రష్షు కింద పెట్టాడు. పొయ్యి ఆర్పాడు. జిగురు గడ్డకడుతుంది, వెన్ను వంకర తిరుగుతుంది, ఆదివారం పాస్టరు గారు జేబు బైబిలు కళ్ళకు దగ్గరగా పట్టుకుని తడబడుతూ చదవాల్సి వస్తుంది. అదంతా ఆయనకు తెలుసు. చేతులు తుడుచుకుని, సామ్రాజ్యపు ఎల్ల దాటి, నాలుగడుగులు వేశాడు.

వంటింట్లో చెక్కపెట్టె ఇంకా గోడవార ఉంది. కూతురు అందులోంచి రెండు కంచాలు మాత్రం తీసింది. మిగతావి పెట్టెలోనే ఉన్నాయి. ఆయన వాటిని చూశాడు, అడగలేదు. కూర్చుని తల వంచాడు. రోజూ గడగడా వచ్చే భోజనపు ప్రార్థనలో ‘ప్రభువా’ అన్న మాట దగ్గర ఆగిపోయాడు. ఆ తర్వాత ఏమీ రాలేదు. కూతురు ఆగి చూసింది, తొందరపెట్టలేదు.

అప్పుడు ముందుగదిలోంచి, ఎవరూ లేని ఆ పదడుగుల గదిలోంచి, టిక్కుమని చిన్న చప్పుడు వచ్చింది. ఆరుతున్న జిగురు కావచ్చు. ఆయన తలెత్తాడు. ఎదురుగా కూతురు కూడా ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపి, గుమ్మం వంక తల తిప్పింది.

ఇద్దరూ కాసేపు అలాగే విన్నారు.

“చల్లారిపోతోంది,” అంది కూతురు. “తిను నాన్నా.”